పక్క మంచం అక్కకు దండాలు

నాన్న కన్ను నిలబడింది. పువ్వు, అంటే తెల్లమచ్చ, మిగులుతుందట, చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. అయినా కన్నైతే పోలేదు, ఇప్పటికి అది చాలు. నిద్ర లేని కళ్లతో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

వడ్లు తూర్పార పడుతుంటే పొల్లు ఎగిరిపడి నల్లగుడ్డు గీసుకుపోయింది. మామూలుగా అక్కడ బాక్టీరియా అంత సులువుగా అంటుకోలేదట, రెప్ప కొట్టినప్పుడల్లా కన్నీళ్లు కడిగేస్తాయి, పైపొర లోపలికి రానివ్వదు. ఆ పొర చీలిందంటే మాత్రం సూడోమోనాస్ అనే క్రిమి తోకతో ఈదుకుంటూ వచ్చి, ఒంటి మీది సన్నటి పోగులతో గాయాన్ని పట్టుకుని, నల్లగుడ్డును కరిగించే ఎంజైములు వదులుతుందట. నల్లగుడ్డు మందమే అర మిల్లీమీటరు, రోజుల్లోనే చిల్లు పడొచ్చని డాక్టరమ్మ చెప్తుంటే నాకు కాళ్లు వణికాయి. అందుకే రాత్రీ పగలూ గంట గంటకూ రెండు రకాల చుక్కలు, మధ్యలో ఐదు నిమిషాలు ఆగి.

నేను కూర్చున్నచోటే తూలుతుంటే పక్క మంచం దగ్గరున్న అక్క చూసింది. "నువ్వు పండుకో తమ్మీ, మా ఆయనకెట్లాగూ ఏస్తున్న, పెద్దాయనకూ ఏస్తా" అంది. ఆమెకు చదువు రాదు. సీసాలు తారుమారు కాకుండా ఒకదాని మెడకు ఎర్రదారం కట్టింది. ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని, కింది రెప్ప మెల్లగా లాగి, సీసా మూతి రెప్పవెంట్రుకలకు తగలకుండా చుక్క వేసి, కాగితం మీద పెన్సిల్‌తో ఒక గీత గీసేది. పొద్దున లేచి చూస్తే ఒక్క గంట కూడా తప్పలేదు. మెట్ల దగ్గరికెళ్లి ఏడ్చేశాను. మేమెవరో, ఆమెవరో.

అమ్మ, బావ, తమ్ముడు ఎలాగూ ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం కడుపులో పెట్టుకోలేను. మా దగ్గర కన్ను ఎర్రబడిందంటే చాలు, మందుల షాపులో చీటీ కూడా అడక్కుండా స్టెరాయిడ్ చుక్కలు చేతిలో పెడతారు. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల క్రిమికి పండగ. పుండును గోకి స్లైడు మీద చూస్తే గానీ బాక్టీరియానా ఫంగసా తేలదు, రెండింటికీ మందులు వేరు. వరి పండే ఊళ్ల నుంచి ఆ పరీక్షకు హైదరాబాద్ దాకా రావాలా?

అయ్యో, మర్చిపోయా, రాత్రికి రాత్రే స్లైడు చూసి ఫోన్ చేసిన ల్యాబ్ అమ్మాయికి, చుక్కలకు ఫ్రిజ్‌లో చోటిచ్చిన సిస్టర్‌కి, బస్టాండ్ నుంచి తెచ్చి డబ్బులొద్దన్న ఆటో అన్నకు కూడా. ఇంకా ఎవరో ఉన్నారు, గుర్తొస్తే కింద రాస్తా.