కొనుక్కోండి అన్నారు, అడగండి అనాల్సింది

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో చలికాలం మిద్దెతోటల గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మట్టి ఎట్లా కలపాలి, కుండీకి చిల్లులెక్కడ పెట్టాలి, అన్నీ చక్కగా చెప్పారు. విత్తనాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నాణ్యమైన ప్యాకెట్లు కొనుక్కోండి" అని ఒక్క ముక్కతో దాటేశారు. అనంతపురంలో ముప్పై ఏళ్లుగా దొడ్లో కాయగూరలు పండించుకుంటున్నాను. నేను కొన్న ప్యాకెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి కొత్తిమీర కొంటే ఒక్క మొలకా రాలేదు. అంగడాయన్ని అడిగితే "నీళ్లు ఎక్కువ పోసింటావులేమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి ప్యాకెట్ తిప్పి చూస్తే గడువు దాటి ఏడాదయింది.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. చాలా ఏళ్లు కళ్యాణదుర్గం రూటే. పొద్దున మొదటి ట్రిప్పులో కాయగూరల గంపలతో మార్కెట్టుకొచ్చే ఆడవాళ్లే సగం బస్సు. లగేజీ టికెట్ దగ్గర రోజూ వాదన, వాదన అయినాక మాటలు. "ఈ వంకాయ ఇంత లేతగా ఉందే, ఎక్కడి విత్తనం?" అని నోరు జారితే చాలు, మర్నాడు ఓ కాగితం పొట్లం చేతిలో పెట్టేవాళ్లు. నేనూ మా ఇంటివి తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. లగేజీ టికెట్ మాత్రం ఎవ్వరికీ మాఫీ చేయలేదు, అది వేరే సంగతి.

మొదట్లో ఒక తెలివితక్కువ పని చేశాను. పొట్లం ఇచ్చినామె దిగేటప్పుడు ఆమె టికెట్టే అడిగి తీసుకుని పొట్లంలో వేసేదాన్ని. తేదీ, ఎక్కిన స్టేజీ దాని మీదే ఉంటాయి కదా, మళ్లీ రాసే పనేముంది అని. కండక్టరు వాడిన టికెట్లు వెనక్కి తీసుకుంటుంటే చెకింగ్ వాళ్ల కంట పడితే ఉద్యోగానికే ఎసరు, ఆ భయం కూడా లేకపోయింది. ఎండాకాలం దాటి పొట్లాలు విప్పితే పదకొండు టికెట్లూ తెల్లగా ఉన్నాయి! మిషన్ కాగితం మీద అచ్చు వేడికి వెలిసిపోతుందని అప్పుడు తెలిసింది. సొర గింజనీ గుమ్మడి గింజనీ చూసి చెప్పొచ్చు. పచ్చ వంకాయదో, చారల వంకాయదో, ముళ్లదో గింజ చూసి ఎవరు చెప్తారు? అప్పట్నుంచి పెన్సిల్ పట్టుకున్నాను. ఇంకు తడి తగిలితే అలుక్కుపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. కాయ పేరు, ఊరు, నెల, ఎవరిచ్చారో. ఈ నాలుగూ లేని పొట్లం ఇప్పుడు నేను తీసుకోను.

చలికాలమే ఎందుకంటే, మా జిల్లాలో విత్తనానికి అదే పెళ్లిళ్ల సీజను. వానకాలంలో పాకిన తీగలు మార్గశిరానికి ఎండుతాయి. వానలు తగ్గి గాలి పొడిగా ఉంటుంది, ఎండ ఉంటుంది కానీ గింజను మాడ్చేంత ఉండదు. సంక్రాంతి దాటితే వేసవి పంటకు సొర, బీర, కాకర పెట్టుకునే టైము. ఆ మధ్యలోనే అడగాలి, ఇవ్వాలి. ఏప్రిల్‌లో గుర్తొచ్చి ఫోన్ చేసేవాళ్లకు నా దగ్గర మిగిలేది మూతలే.

ఇక మా చలికాలపు కాయ అనప, చిక్కుడు జాతిదే. దీని దగ్గర కొంచెం ఆగాలి. మా అత్త కాలం నుంచి ప్రహరీ మీద పాకే పొడుగు తీగ రకం ఒకటి ఉంది. ఆషాఢంలో పెట్టినా శ్రావణంలో పెట్టినా పూత వచ్చేది పొద్దు పొట్టిగా అయినాకే. "దానికి చలి వాసన తగలాలమ్మా" అనేది అత్త. బస్సులో కలిసిన వ్యవసాయాఫీసరు ఒకాయన, చలి కాదు, రాత్రి పొడుగు కావాలి దానికి, పాత రకాలన్నీ అంతే అన్నాడు. ఆమాట చెబితే అత్త "రెండూ ఒకటే కదా" అని నా మాట తీసిపారేసింది. కోసేటప్పుడు చేతికి అంటిన సొన వాసన రెండు రోజులు పోదు. గింజలు నానబెట్టి, వేళ్ల మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కితే తోలు చేతిలో ఉండి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. పితికిపప్పు తెలిసిన ఇళ్లకు ఇంత చెప్పక్కర్లేదు.

ఈ అనపతోనే ఓ తమాషా జరిగింది. కాకినాడ నుంచి బదిలీ మీద మా పక్కింట్లో దిగిన బ్యాంకు ఉద్యోగి భార్య, "ఆంటీ, ఆనప విత్తనాలుంటే నాలుగు పెట్టండి" అంది. పెట్టాను. ఆ అమ్మాయి వెదురు బొంగులు తెప్పించి పెద్ద పందిరే వేయించింది. గోడ మీద పాకే తీగకు అంత పందిరి ఎందుకబ్బా అనుకున్నాను గానీ అడగలేదు. మూడు నెలలయ్యాక గోడ మీంచి తొంగి చూసి "ఆంటీ, కాయ చిక్కుడులా వస్తోందేంటండీ?" అంది. వాళ్ల వైపు ఆనపకాయ అంటే మన సొరకాయ! ఇద్దరం గోడకు చెరోపక్క నిలబడి నవ్వుకున్నాం. ఆ సంక్రాంతికి ఊరెళ్లి వస్తూ గుండ్రటి సొర విత్తనాలు తెచ్చి నాకూ ఇచ్చింది.

అక్కడితో అయిపోలేదు. వాళ్ల పందిరి మీద గుండ్రం సొర, మా గోడ మీద పొడుగు సొర. మధ్యలో తేనెటీగలకు గోడ అడ్డమా? మరుసటేడు నా విత్తనానికి కాసినవి కూజాల్లాగా, మెడ ఒకవైపు వంగి వచ్చాయి. తినడానికి బాగానే ఉన్నాయి గానీ విత్తనంగా చెడిపోయినట్టే. అప్పుడు నేర్చుకున్నాను. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. వెనక బుల్లి కాయ ఉన్న ఆడమొగ్గకీ, ఒక మగమొగ్గకీ మధ్యాహ్నమే కాగితం తొడిగి దారం కట్టాలి. పొద్దు గూకేటప్పుడు విప్పి, మగపువ్వు రేకులు తుంచి, పుప్పొడిని ఆడపువ్వుకు అద్ది, మళ్లీ కట్టేయాలి. గుమ్మడి అయితే తెల్లవారుజామునే లేవాలి, ఎండెక్కితే పువ్వు వాడిపోతుంది. టమాటా, అనప, చిక్కుడు తమలో తామే పుప్పొడి అద్దుకునేవి ఎక్కువ, వాటికింత టెన్షన్ లేదు. ఇంకో మాట, ఇట్లా కలిసిపోయిన సొరగానీ దోసగానీ కొసన కొరికితే చేదు తగిలిందా, అవతల పారేయండి. ఉడికితే పోతుందిలే అనుకోవద్దు, ఆ చేదు మనిషిని ఆసుపత్రి పాలు చేస్తుంది. దాని గింజ కూడా దాచొద్దు.

విత్తనానికి ఏ కాయ వదలాలన్నదాంట్లో మనవాళ్లు దాదాపు అందరూ తప్పు చేస్తారు. మంచివన్నీ కోసుకు తిని, చివర్లో మిగిలిన గూనికాయను "పోనీ విత్తనానికి ఉండనీలే" అంటారు. మా అత్త రెండో కాపులో అన్నిటికంటే బాగున్న కాయ తొడిమకు ఎర్రగుడ్డ పీలిక కట్టేది. కట్టిందంటే దాన్ని ఎవరూ ముట్టకూడదు. మా ఆయన ఒకసారి గుడ్డ కట్టిన బీరకాయను చూసుకోకుండా కోసి పప్పులోకి ఇచ్చాడు. నేనూ చూసుకోకుండా తరిగాను. ఆ ఏడు బీర విత్తనం కోసం నాలుగిళ్లు తిరిగాం, అత్త మాత్రం వారం రోజులు పప్పు ముట్టలేదు.

బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. కొసన చిన్న మూత ఉంటుంది, దానంతటదే ఊడిపోయి నల్లటి గింజలు జలజలా రాలతాయి. ఇంతకంటే మంచి డబ్బా ఏ కంపెనీ చేయలేదు. వంకాయ పసుపు తిరిగి మెత్తబడేదాకా చెట్టు మీదే ఉండాలి, తర్వాత నీళ్లలో పిసికితే మంచి గింజ అడుక్కు దిగుతుంది. టమాటా గుజ్జును గ్లాసులో కాసిని నీళ్లతో రెండు మూడు రోజులు పులియబెడితే గింజ చుట్టూ ఉన్న జిగురు వదులుతుంది. పైన తెల్లటి పొర కడుతుంది, వాసన కూడా వస్తుంది, గ్లాసు వంటింట్లో పెట్టొద్దు. కడిగి స్టీలు పళ్లెంలో ఆరబెట్టండి. కాగితం మీద వేస్తే అంటుకుని రావు.

దాచడంలోనే నాకు పెద్ద దెబ్బ తగిలింది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇంట్లో అందరికీ జ్వరాల భయం, విత్తనాల డబ్బా మీద ఎవరి ధ్యాసా లేదు. జూన్‌లో మూత తీస్తే అనప గింజల బదులు పిండి ఉంది. ఆ పురుగు చాలాసార్లు బయటి నుంచి రాదు, కాయ తీగ మీద ఉండగానే గుడ్డు పెట్టి ఉంటుంది. అందుకే కిలో గింజలకు ఓ టీస్పూన్ ఆముదం పట్టించి ఆరబెట్టడం అత్త పద్ధతి. ఆ ఏడు నేనది మరిచాను. అత్త కాలం నాటి విత్తనం అట్లా పోయింది. బస్సులు మళ్లీ తిరిగినాక, గంపలెత్తుకొచ్చే ఆడవాళ్లలో ఒకామెతో ఈ మాట అన్నాను. ఆమెకు రెండేళ్ల కిందట గుప్పెడు ఇచ్చి మరిచిపోయాను. "నీదే కదమ్మా, చేనిగట్టు మీద పెట్టినా, మూడిళ్లకు పంచినా కూడా" అంది. వారం తిరక్కుండా సేరు గింజలు పైట చెంగున కట్టుకొచ్చింది. ఇస్తూ ఇస్తూ "ఈ పొద్దు లగేజీ కొట్టొద్దు మరి" అంది. కొట్టాను. డబ్బులు నా పర్సులోంచే వేశాను, అది ఆమెకు ఇప్పటికీ తెలియదు.

అప్పట్నుంచి నా దగ్గరున్న ప్రతి రకం ఇంకో రెండిళ్లలో ఉండేట్టు చూసుకుంటున్నాను. ఎవరింట్లో ఏముందో వెనక పేజీల్లో రాసుకున్న పాత డైరీ నాకు బ్యాంకు పాస్‌బుక్కు కంటే ఎక్కువ.

కొందరు అడుగుతుంటారు, ఇట్లా ఇచ్చిపుచ్చుకుంటే కేసులవుతాయా అని. మా అబ్బాయి ఫోన్లో చట్టం తీసి చూపించాడు. 2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్‌లో రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు, అమ్మొచ్చు అని రాసి ఉంది. చట్టం కింద రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు పేరు వేసి అమ్మకూడదు, అంతే. పొట్లం మీద పెన్సిల్‌తో రాసుకునే నాబోటి వాళ్ల జోలికి ఎవరొస్తారు! ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉన్న హైబ్రిడ్, అంటే రెండు రకాలు కలిపి పుట్టించిన మొదటి తరం, కాయల గింజలు మాత్రం పంచొద్దు. మొలుస్తాయి, కానీ తల్లిని పోలవు. తీసుకున్నవాళ్లు మిమ్మల్నే తిట్టుకుంటారు.

ఇప్పుడు అసలు అడగొచ్చింది. సంక్రాంతికి ముందు వచ్చే ఆదివారం మన రైతు బజారులో ఒక షెడ్డు మూల, పొద్దున రెండు గంటలసేపు వదిలితే చాలు. బ్యానర్లు, మైకులు, ముఖ్య అతిథులు వద్దు. ఎవరి పొట్లాలు వాళ్లు తెచ్చుకుంటారు, చాపేసుకుని కూర్చుంటారు. ఉద్యానశాఖ నుంచి ఒకరు వచ్చి పురుగు సంగతి, తేమ సంగతి చెబితే ఇంకా మంచిది. మీ పత్రిక నుంచి అడిగేది ఇంకా చిన్నది. ఆదివారం పెళ్లిసంబంధాల ప్రకటనల పక్కన నాలుగు లైన్ల జాగా ఇవ్వండి. "ముళ్ల వంకాయ కావాలి, పొడుగు సొర ఇవ్వగలం" అని జనం రాసుకుంటారు. కులం, గోత్రం, జీతం అక్కర్లేదు.

రానివాళ్లు ఇంట్లోనే ఒక పని చేయండి. నిరుటి గింజలు పది తీసి తడిగుడ్డలో చుట్టి పెట్టండి, గుడ్డ ఆరనివ్వొద్దు. వారం పది రోజుల్లో ఏడెనిమిది మొలిస్తే పంచండి, మూడు నాలుగే మొలిస్తే మీరే ఒత్తుగా వేసుకోండి. ఎర్రగడ్డ (ఉల్లి) విత్తనమైతే ఏడాది దాటింది పరీక్షకు కూడా దండగ.

ఈసారి నా దగ్గర అనప, మటిక్కాయ (గోరుచిక్కుడు), పొడుగు సొర, నాటు టమాటా, పుల్ల గోంగూర ఉన్నాయి. అడిగినవాళ్లకు తలా పదేసి గింజలు. పచ్చ వంకాయ మాత్రం అడగొద్దు, గుడ్డలో పది వేస్తే నాలుగే మొలిచాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
అనంతపురం