పదివేల అడుగులు ఎవరి లెక్క?

సంపాదకులకు నమస్కారం.

రోజుకు పదివేల అడుగులు నడవాల్సిందేనని మీ ఆరోగ్యం పేజీలో రాశారు. ఆ పదివేలు ఎక్కడివో కూడా చెప్పి ఉంటే బాగుండేది. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్ముతూ దానికి 'మాన్‌పో-కే' అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని అర్థం. అంటే ఏ డాక్టరో తేల్చిన అంకె కాదు, అమ్మకానికి కలిసొచ్చిన అంకె. నడక మంచిదే, నేనూ నడుస్తాను. కానీ ఎనిమిది వేల దగ్గర ఆగిపోయిన రోజు, ఏదో తప్పు చేసినదానిలా రాత్రి పదకొండింటికి హాల్లో చక్కర్లు కొడుతున్నాను!

నిద్ర సంగతి మరీ విచిత్రం. ఒకరోజు హాయిగా నిద్ర లేచి, నిద్రకు మార్కులేసే నా స్మార్ట్ వాచీ చూసుకుంటే నూటికి 58 మార్కులు. అంతే, అప్పటిదాకా లేని నీరసం వచ్చి పడింది. నిద్రలో ఏ దశ ఎంతసేపుందో సరిగ్గా తెలియాలంటే తలకు తీగలు అతికించి మెదడు తరంగాలు చూడాలి. చేతి వాచీ మన కదలికలనూ నాడినీ బట్టి ఊహిస్తుంది. ఈ మార్కుల టెన్షన్‌తో ఉన్న నిద్ర కూడా పాడుచేసుకునే వాళ్లను చూసి, 2017లో అమెరికా పరిశోధకులు దానికి 'ఆర్థోసోమ్నియా' అని పేరే పెట్టారు.

ఎత్తునూ బరువునూ బట్టి లెక్కకట్టే బీఎంఐ కూడా అంతే. 1998లో అమెరికా అధిక బరువు హద్దును 25కు దించగానే, ఒక్క గ్రాము పెరగకుండానే రెండు కోట్లకు పైగా జనం అందులో చేరిపోయారు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. ఆక్సీమీటరును అలా వదిలేయలేం. వేలికి తగిలించే ఆ పరికరం వెలుతురును చర్మం గుండా పంపి ఆక్సిజన్ లెక్క కడుతుంది. నిజానికి ఆక్సిజన్ పడిపోయినా బాగానే ఉందని చూపించడం, తెల్లవాళ్లకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలో ఒక అధ్యయనం బయటపెట్టింది. కోవిడ్ రోజుల్లో ఆ అంకెను నమ్ముకునే కదా ఆస్పత్రికి వెళ్లాలా వద్దా అని నిర్ణయించుకున్నాం!

పరికరాలు పారేయమని నా ఉద్దేశం కాదు. షుగర్ మీటరు లేకపోతే రోజు గడవని వాళ్లు ఎందరో. 'నార్మల్' అని మీరు అంకె వేసినప్పుడల్లా, అది ఎవరిని కొలిచి పెట్టిందో పక్కన ఒక్క లైను వేయండి. వాచీ కంపెనీల చేత కూడా తెర మీద 'ఇది అంచనా మాత్రమే' అని, మార్కులంత పెద్ద అక్షరాల్లోనే రాయించే నియమం రావాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు