ఎపాక్సీ వేసే ముందు నేలను అడగండి

సంపాదకుడు గారికి,

గ్యారేజీ కాంక్రీటు నేలకు ఎపాక్సీ అనే గట్టి పూత వేసుకోవడం గురించి మీ ఆదివారం ఇంటి పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ నేలను యాసిడ్‌తో కడిగి, రాత్రి ఆరనిచ్చి, పొద్దున్నే రెండు కోట్లు వేస్తే సాయంత్రానికి కారు పెట్టుకోవచ్చని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. నేను ఫ్లోర్ కోటింగ్ పని చేసి బతికేవాణ్ణి. ఇలాంటి సలహా నమ్మి వేసుకున్న నేలల మీద పెచ్చులు గీకడానికి పిలిచేది మమ్మల్నే.

మామూలు పెయింటులో నీరో థిన్నరో ఆవిరైపోతే పొర ఆరుతుంది. ఎపాక్సీలో రెసిన్ అనే చిక్కటి ద్రవం, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడాలి. చాలా రకాల మీద మర్నాటికి నడవచ్చు. కారు ఎక్కించాలంటే మాత్రం ఐదు నుంచి ఏడు రోజులు ఆగాలి, చలి ఉంటే ఇంకా ఎక్కువ.

అసలు చిక్కు కింది నుంచి వస్తుంది. కాంక్రీటు పైకి ఎంత పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. కొత్త స్లాబు 28 రోజులైంది కదా అంటారు. ఆ 28 రోజుల లెక్క బలానిది, ఆరడానిది కాదు. పోసేటప్పుడు అడుగున ప్లాస్టిక్ షీటు పరవకపోతే, నేల ఎంత పాతదైనా మట్టిలోని తేమ ఆవిరిగా పైకి వస్తూనే ఉంటుంది. కోటింగ్ లేనంత కాలం అది గాలిలో కలిసిపోతుంది కాబట్టి మన కంటపడదు. పైన ఎపాక్సీ వేసి మూసేస్తే దానికి దారి ఉండదు. బుడగలు లేస్తాయి, ఆపైన పొరలు పొరలుగా ఊడుతుంది. వేసినవాడు సరుకు మంచిది కాదంటాడు, సరుకు అమ్మినవాడు వేసిన పనితనం బాగా లేదంటాడు. చెమ్మ సంగతి ఇద్దరూ ఎత్తరు.

దీన్ని ముందే పసిగట్టడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. అడుగున్నర చదరం పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు తీసుకుని, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో నేలకు అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసినప్పుడు షీటు లోపలివైపు నీటి బొట్లు ఉన్నా, దాని కింద నేల రంగు ముదిరినా కోటింగ్ జోలికి వెళ్లకూడదు. ఒక్కచోట కాదు, గోడల పక్కన, మధ్యలో, గుమ్మం దగ్గర విడివిడిగా చూడాలి. ఇందులో ఏమీ కనిపించనంత మాత్రాన లోతున పొడిగా ఉందని హామీ లేదు. అనుమానం ఉంటే నేలకు రంధ్రం వేసి లోపలి తేమను కొలిచే పద్ధతి ఉంది. అది చేసే మనిషిని పిలవడం మేలు.

ఇక యాసిడ్. నూనె మరకల మీద అది పనిచేయదు. ఒలికిన ఇంజన్ ఆయిల్‌ను ముందు డీగ్రీజర్‌తో, అంటే జిడ్డు వదలగొట్టే ద్రావణంతో తీయాలి. తర్వాత డైమండ్ గ్రైండర్ పట్టి, పైన తేలి గట్టిపడిన సిమెంటు పాల పొరను లేపేయాలి. చేత్తో తడిమితే గరుకు కాగితంలా తగలాలి. నాలుగు చుక్కల నీళ్లు చల్లి చూడండి. ముత్యాల్లా నిలిచిపోతే నూనో, నీరు ఇంకకుండా ఎప్పుడో వేసిన పాత సీలర్ పూతో ఇంకా ఉన్నట్టే, ఎపాక్సీకి పట్టు దొరకదు. గ్రైండింగ్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. దుమ్ము పీల్చే వ్యాక్యూమ్ తగిలించని మిషన్‌ను ఇంట్లోకి రానివ్వకండి.

పట్టు సరిగా లేని నేల గుట్టు కారు టైరు బయటపెడుతుంది. రోడ్డు మీద వేడెక్కిన టైరు వచ్చి కోటింగ్ మీద నిలబడి, చల్లారుతూ ముడుచుకుంటుంది. ఆ లాగుడుకు పలుచని పొర టైరుకు అంటుకుని లేచి వస్తుంది. సరిగ్గా నాలుగు చోట్ల మాత్రమే ఊడిన నేల చూస్తే కారణం ఇదేనని పోల్చుకోవచ్చు.

త్వరగా గట్టిపడాలంటే హార్డెనర్ కాస్త ఎక్కువ పోయమన్నారు మీ వ్యాసకర్త. పాలియెస్టర్ రెసిన్‌తో అలవాటైనవాళ్లు ఇలాగే అంటారు, అందులో హార్డెనర్ పని గట్టిపడటాన్ని మొదలుపెట్టి వేగం పెంచడమే కాబట్టి. ఎపాక్సీలో హార్డెనర్ కూడా పొరలో భాగమే. పాళ్లు తప్పితే మిగిలిపోయినది ముడిపడటానికి జత లేక నేల మెత్తగానో జిగటగానో ఉండిపోతుంది. కలిపిన సరుకును బకెట్‌లో ఉంచితే తన వేడికి తానే మరిగి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే నేల మీద ధారగా పోసి పరచాలి. బకెట్ బోర్లించి చివరి చుక్క దాకా పిండుకునే పొదుపు వద్దు. బకెట్ లోపలి అంచులకు అంటుకున్నది సరిగా కలిసి ఉండదు, అది పడ్డచోట మచ్చలు గట్టిపడవు.

తెల్ల నేల మీద ఎండ పడుతున్న ఫొటో ఒకటి వేశారు. వీలైతే ఏడాది తర్వాత అదే చోట మళ్లీ తీసి వేయండి. ఎండకు ఎపాక్సీ పసుపెక్కుతుంది. తలుపు దగ్గర ఎండ పడే నేలకు పైన అలిఫాటిక్ పాలీయురేథేన్ అనే, ఎండను తట్టుకునే పూత కోటు ఉండాలి.

ఇంకో ఫొటోలో రోలర్ పట్టుకున్న కుర్రాడి చేతులకు తొడుగులు లేవు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. గట్టిపడని రెసిన్, హార్డెనర్ చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి ఎలర్జీ వస్తుంది. వస్తే సాధారణంగా జీవితాంతం పోదు, ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే. అలా ఈ పనే మానుకున్నవాళ్లు నాకు తెలుసు. నైట్రైల్ రబ్బరు తొడుగులు వేసుకోవాలి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి తప్ప థిన్నర్‌తో తుడవకూడదు, అది సరుకును చర్మంలోకి ఇంకేలా చేస్తుంది. ఈ జాగ్రత్తలు డబ్బా మీద రాసే ఉంటాయి, అక్షరాలే మరీ చిన్నవి. మీ పేజీలో కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక ఫ్లోర్ కోటింగ్ మేస్త్రీ