దుబాయ్ అడ్రసుకే పంపనా?

దేవరకొండ,
ఆదివారం పొద్దున.

చిరంజీవి శీనుకు నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం మంచిగున్నాం. బోరు మోటారు మళ్లీ కాలింది, రీవైండింగ్‌కు ఇచ్చాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందనే అంటుంది గానీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. నీ ఫోన్ రాక ఇరవై రెండు రోజులైంది. వాట్సాప్‌లో రెండు టిక్కులు పడుతున్నాయి, నీలంగా మాత్రం మారట్లేదు. పని ఎక్కువుంటుందిలే అని అమ్మకు చెబుతున్నా.

మొన్న అంగట్లో సైదులు కనబడి, "శీను లిబియా పోతున్నాడట గద మామా, జీతం డబలట" అన్నాడు. అంతా తెలిసినట్టే తలూపాను. టమాటలు కొనకుండానే ఇంటికొచ్చి తిట్లు తిన్నాను. సరే, అది వదిలెయ్.

ఈసారి వానలు గట్టిగా పడ్డాయి. మన ఊరి చెరువు అలుగు పోస్తోందంటే చూసొద్దామని పోయాను. గండి పడ్డ కథ నీకు చెప్పే ఉంటా, మళ్లీ విను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఊళ్లో రెండు పార్టీలు, మీ తాతది ఒకటి, బావిగడ్డ వాళ్లది ఒకటి. చెరువు కట్ట చూసుకునే నీరటి ఎల్లయ్యకు పంట మీద కొలవాల్సిన వడ్లు మీరివ్వండంటే మీరివ్వండని వరసగా రెండు పంటలు ఎగ్గొట్టారు. పాపం, ఆయన పెండ్లాం పిల్లల్ని తీసుకుని బొంబాయి బస్సెక్కాడు. కట్ట మీద కంప పెరిగింది, ఎండ్రకాయలు బొక్కలు చేశాయి. చూసినవాడు కూడా అది అవతలి వాళ్ల పనిలే అనుకుని పోయాడు.

వినాయక చవితి దాటాక ముసురు పట్టింది. మూడో రాత్రి తూముకు కొంచెం అవతల కట్ట వెనక ఊట మొదలైంది. తేట నీళ్లు ఊరితే భయం లేదు, ఏ కట్టయినా ఊరుతుంది. రంగు మారిందంటే లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు. లాంతరు వంచి చూశాను. చాయ్ రంగులో ఉంది. తూము ఎత్తి నీళ్లు వదులుదామంటే గేటు తిప్పే హ్యాండిల్‌ను అవతలి వాళ్లకు దొరక్కుండా మీ తాత మన అటక మీద దాచాడు. ఖాళీ బస్తాలేమో బావిగడ్డ వాళ్ల కొట్టంలో ఉన్నాయి. ఇక మన్ను ఎవరి చెల్కలో తవ్వాలన్నదాని మీద వానలో నిలబడి గంటసేపు పంచాయితీ. తెల్లారేసరికి కట్ట పోయింది. రెండు పార్టీల పొలాల్లోనూ ఒకే తీరుగా ఇసుక మేట వేసింది. మీ తాత ఆ రాత్రి సంగతి చచ్చేదాకా ఎత్తలేదు. ఆ హ్యాండిల్ మొన్న అటక దులుపుతుంటే దొరికింది, తుప్పు పట్టి.

అందుకే 2023 సెప్టెంబరులో లిబియాలోని డెర్నా ఊరును టీవీలో చూసి నాకు నిద్ర పట్టలేదు. ఊరి పైన 1970ల్లో కట్టిన రెండు డ్యాములు. పగుళ్లున్నాయని ఎప్పటినుంచో తెలుసు. రిపేరు పని ఒక టర్కీ కంపెనీకి ఇచ్చారు, 2011లో యుద్ధం రాగానే పని ఆగింది. తర్వాత ట్రిపోలీలో ఒక సర్కారు, తూర్పున ఇంకో సర్కారు. పెద్ద వరదొస్తే ఈ డ్యాములు ఆగవని 2022లో ఒక నిపుణుడు రాసినా పట్టించుకునే దిక్కు లేదు. డేనియల్ తుఫాను రాత్రి రెండూ తెగాయి, వేల మంది పోయారు. ఎండ్రకాయ బొక్క ఏ దేశంలోనైనా ఒకటే.

లెక్చర్ మొదలుపెట్టాడు అనుకుంటావు. సోషల్ చెప్పిన నోరు కదా, ఊరుకోదు. లిబియాను ఏలిన గడాఫీ 42 ఏండ్లు అంతా తన పిడికిట్లోనే పెట్టుకున్నాడు, ఏ వ్యవస్థనూ సొంత కాళ్ల మీద నిలబడనివ్వలేదు. ఆయన పోయాక తుపాకి ఉన్నవాడల్లా సర్కారే. సోమాలియాలో 1991లో అక్కడి పాలకుడు సియాద్ బర్రె పారిపోయాక అదే జరిగింది. 2023 ఏప్రిల్ నుంచి సూడాన్‌లో కొట్టుకుంటున్న జనరళ్లిద్దరూ అంతకుముందు కలిసి రాజ్యం చేసినవాళ్లే. జనంలో తేడాలుంటే దేశం కూలిపోతుందని నేను అనను, మన ఊళ్లో మాత్రం ఎన్ని కులాలు, ఎన్ని పార్టీలు లేవు! నీరటికి వడ్లు కొలిచే మనిషి లేకుండా పోవడమే అసలు రోగం.

కంపెనీ సెక్యూరిటీ ఇస్తుందని అంటావేమో. 2015లో లిబియాలోనే సిర్తే యూనివర్సిటీలో పాఠాలు చెప్పే తెలుగు మాస్టర్లిద్దరు ఇంటికొద్దామని బయల్దేరితే దారిలో ఎత్తుకుపోయారు. బయటపడేసరికి 2016 సెప్టెంబరు. అక్కడ ఏ సర్కారు పోలీసుకని చెప్పుకుంటావు? నేను పోవద్దని అనడం లేదు, నీ ఇష్టం. అమ్మ అంటోంది.

ఏసీ గాలి నేరుగా తల మీద పడకుండా పడుకో. ఆ పన్ను చూపించుకున్నావా? ఇంటి లోను సంగతి నేను చూసుకుంటా, దాని కోసం నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు. అక్కకు ఒకసారి ఫోన్ చెయ్, అలిగింది.

అమ్మ సకినాలు, పల్లీల కారం డబ్బాల్లో కట్టి పెట్టి నాలుగు రోజులైంది. కొరియర్ అబ్బాయి అడ్రస్ అడుగుతున్నాడు. పాత దుబాయ్ అడ్రసే కదా? ఇది అందగానే ఆ ఒక్క ముక్కయినా చెప్పు.

మీ నాన్న