తలుపులు చెడింది పిల్లల వల్ల కాదు, పచ్చి చెక్క వల్ల

సంపాదకులకు నమస్కారం.

మా మండలంలోని హైస్కూలు కొత్త గదుల తలుపులు ఏడాది తిరక్కుండానే ఊగిపోతున్నాయని కిందటి వారం మీ జిల్లా పేజీలో రాశారు. మంచి పని చేశారు. కానీ అదే వార్త చివర ఇంజినీరు గారు "పిల్లలు విసురుగా వేయడం వల్లే" అన్నారని చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఐటీఐలో వడ్రంగం నేర్పి రిటైరైనవాణ్ణి. స్వయంగా చూసి వచ్చాకే ఇది రాస్తున్నాను.

పిల్లలు బాదితే గడియ వంగుతుంది, మడతబందు ఊడుతుంది. గుమ్మానికీ గోడకూ మధ్య రూపాయి బిళ్ల నిలువుగా దూరేంత సందు పడుతుందా? తొమ్మిదో తరగతి తలుపు దగ్గర నిలబడి చూడండి. పలక అంచు వెంట పైనుంచి కిందిదాకా రంగు తగలని చెక్క గీతలా కనిపిస్తుంది. రంగు వేసిన రోజున ఆ అంచు చట్రం గాడిలో ఉంది. చెక్క ఆరి ముడుచుకుపోయాక బయటపడింది. మూలల్లో కుసి (చట్రం కమ్మీ చివర చెక్కిన నాలుక) అది దూరే బెజ్జంలో వదులై ఆడుతోంది. సందుల్లో లప్పం కూరి మళ్లీ రంగు పూశారు, ఎండలు ముదిరేసరికి ఆ లప్పమూ రాలింది.

ఇది పచ్చి చెక్క, అంటే కోశాక తడి ఆరని చెక్క, లక్షణం. అడుగు వెడల్పు పలక పచ్చిగా ఉన్నప్పటి నుంచి బాగా ఆరేసరికి పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా తగ్గుతుంది. పొడవులో మాత్రం దాదాపు తగ్గదు. అందుకే బిగింపు మూలల్లో పట్టు తప్పుతుంది, పలక మెలి తిరుగుతుంది. ఏ పనికి చెక్కలో ఎంత తేమ ఉండవచ్చో భారతీయ ప్రమాణం ఐఎస్ 287 చెబుతోంది. తలుపులు, కిటికీలకు ప్రాంతాన్నీ మందాన్నీ బట్టి 8 నుంచి 16 శాతం. అప్పుడే కోసిన చెక్కలో అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. రెండు ముళ్లున్న చిన్న తేమ మీటరు గుచ్చితే నిమిషంలో తేలిపోయే విషయం.

కాంక్రీటు దిమ్మలనైతే బలం పరీక్షకు ల్యాబుకు పంపుతారు. చెక్క వంతు వచ్చేసరికి పొడవు, వెడల్పు, మందం కొలిచి ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) రాసుకుని బిల్లు చేస్తారు. పైగా చూసేసరికే ప్రైమరు పూసి ఉంటుంది, చేవ (మాను లోపలి గట్టి చెక్క) ఏదో, తెల్ల చెక్క (బయటి మెత్తని పొర) ఏదో కనిపెట్టేదెలా? రంగు వేయకముందే చూడాలన్న ఇంగితం ఆ ఇంజినీర్ల శాఖలో ఎవరికీ లేదా?

మా గోదావరి ప్రాంతంలో దుంగలను నెలల తరబడి చెరువుల్లో, కాలవల్లో నానేసేవారు. కోశాక మధ్యమధ్య పుల్లలు పెట్టి, గాలాడేలా నీడన పేర్చి ఆరబెట్టేవారు. ఇంటికి గుమ్మం ఎత్తాలంటే ఏడాది ముందే చెక్క సమకూర్చుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు ఆ ఓపిక లేదంటే ఒప్పుకుంటాను. చెక్క ఆరబెట్టే వేడి బట్టీలో వారాల్లోనే ఆరబెట్టవచ్చు కదా! ఆ ఖర్చు అంచనాల్లో చేర్చరు. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖాయమవుతుంది, మార్చి లోపు బిల్లు కావాలంటారు, సామిల్లు నుంచి తడి ఆరని చెక్క నేరుగా గోడలోకి వెళ్తుంది. కాలవ షట్టరైనా, ఆస్పత్రి కిటికీ అయినా ఇదే తంతు. చెడిపోయాక నెపం మాత్రం వాడుకునేవాళ్ల మీద.

పేద పిల్లలు చదువుకునే బడి అది. వానాకాలం ఆ తలుపులు ఉబ్బి పట్టేస్తే ఆడపిల్లలు భుజంతో తోసి తెరుస్తున్నారు. వాళ్లను దోషులను చేయడం అన్యాయం. ఇంజినీరు గారు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాల్సిన గడువు ఇంకా ఉందేమో మీ విలేకరి కనుక్కుని రాయాలి. ఉంటే ఆ తలుపులన్నీ విప్పించి, ఆరిన చెక్కతో, మీటరు పెట్టి చూశాకే బిగించాలి.

— విశ్రాంత ఐటీఐ బోధకుడు, కోనసీమ జిల్లా