మాజీ సైనికుల సంఘం వార్షిక నివేదిక 2025–26

గౌరవ సభ్యులకు, కుటుంబ సభ్యులకు కార్యదర్శి నమస్కారాలు.

నవంబర్‌లో పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ల పని ఎప్పటిలాగే మన హాల్లోనే జరిగింది. నడవలేని పెద్దల ఇళ్లకు కుర్రవాళ్లే వెళ్లి పూర్తి చేశారు. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డులో ఉంది, చూసుకోగలరు. ఇవి పోను మిగిలిన సమయమంతా ఒక్క బండికే సరిపోయింది. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం విమానాలను కూల్చే గన్ బండి షిల్కా గురించే.

2025 మే నెలలో పాకిస్తాన్ డ్రోన్లను మన సైన్యం ఎల్-70, జడ్‌యు-23, షిల్కా అనే విమాన విధ్వంసక గన్లతో కూల్చిందని వార్తలు వచ్చాయి. ఆ మర్నాటి నుంచి టీ కొట్టు దగ్గరా పెళ్లిళ్లలోనూ అందరూ మనవాళ్లనే ఆపి అడగడం మొదలుపెట్టారు. సైన్యం ఎయిర్ డిఫెన్స్ (గగనతల రక్షణ) కాలేజీ ఉన్న గోపాల్‌పూర్ మనకు పక్కనే, బరంపురంలో బండి దిగితే ఎంతో దూరం లేదు. ఎయిర్ డిఫెన్స్‌లో పనిచేసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉండటం వింతేమీ కాదు. అయితే అడిగినవారికి తలో రకంగా చెబుతుండటంతో, హైస్కూలు పిల్లల కోసం మూడు ఆదివారాలు సభ పెట్టాం. బహిరంగంగా అందరికీ తెలిసిన సంగతులే చెప్పాలని ముందే నియమం పెట్టుకున్నాం. ఇద్దరు సభ్యులు ఉత్సాహంలో గీత దాటబోతే సుబేదార్ సాబ్ దగ్గి ఆపారు.

మొదటి ఆదివారమే అభాసు పాలయ్యాం. ఫ్లెక్సీలో షిల్కాకి బదులు అలాంటిదే జర్మనీ గన్ బండి గెపార్డ్ బొమ్మ వచ్చింది. ప్రూఫ్ చూసి సరే అన్నది నేనే కాబట్టి తప్పు నాదే. కానీ దానివల్ల ఒక మేలు జరిగింది. తేడా ఏమిటని పిల్లలే అడిగారు. గెపార్డ్‌కి పక్కకొకటి చొప్పున రెండు 35 మిల్లీమీటర్ల గొట్టాలుంటాయి. లెపర్డ్ ట్యాంకు చాసిస్ మీద కట్టిన బరువైన బండి. 2022 నుంచి యుక్రెయిన్‌లో డ్రోన్లను కూలుస్తున్నది అదే. మన షిల్కాకి ముందువైపు నాలుగు 23 మిల్లీమీటర్ల గొట్టాలు, పైన రెండు, కింద రెండు. బరువు 19 టన్నుల చిల్లర. 1960ల్లో సోవియట్ యూనియన్‌లో తయారైంది. పేరు అక్కడి ఒక నదిది.

షిల్కాకి ట్రాక్‌లు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాలు) ఎందుకు, లారీ మీద పెట్టుకోవచ్చు కదా అని ఒక పిల్ల అడిగింది. ట్యాంకులు పొలాల్లో, ఇసుకలో పోతుంటే వాటిని కాచే గన్ రోడ్డు మీద ఆగిపోతే లాభమేముంది? రాడార్, గన్, తూటాలు, నలుగురు మనుషులు అన్నీ ఒకే బండిలో ట్యాంకుల వెంట కదలాలి. అయితే దీన్ని ట్యాంకు అనుకోవద్దని గట్టిగా చెప్పాం. కవచం పలచనిదే. తుపాకీ తూటా, గుండు పెంకులు ఆగుతాయి, అంతకు మించి ఆశపడకూడదు.

లెక్క బోర్డు మీద రాసినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది. నాలుగు గొట్టాలూ కలిపి నిమిషానికి 3,400 నుంచి 4,000 గుండ్లు. బండిలో ఉండేది 2,000. ట్రిగ్గర్ వదలకుండా నొక్కితే అర నిమిషంలో బండి ఖాళీ! గొట్టాలను నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు ఉన్నా, అందుకే చిన్న చిన్న బర్స్ట్‌లుగానే కాలుస్తారు. గురి అందే దూరం రెండున్నర కిలోమీటర్లు. సెకనుకు 250 మీటర్ల వేగంతో వచ్చే విమానం ఆ దూరాన్ని పది సెకన్లలో దాటేస్తుంది. ఆ పది సెకన్ల కోసమే నాలుగు గొట్టాలు.

గాల్లోకి వెళ్లిన గుండ్లు ఎవరి నెత్తిన పడతాయి అన్నది ఆ రోజుటి మంచి ప్రశ్న. పేలుడు రకం గుండ్లు తగలకపోతే కొన్ని సెకన్లకు వాటంతట అవే పేలిపోతాయి. కవచాన్ని తొలిచే రకానికి ఆ ఏర్పాటు లేదు, కింద పడాల్సిందే.

1973 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం కథ మన మాజీ రాడార్ ఆపరేటర్ చెప్పారు. మిసైళ్లను తప్పించుకోవడానికి ఇజ్రాయెల్ విమానాలు కిందికి దిగితే అక్కడ షిల్కాలు కాచుకుని ఉన్నాయి. అఫ్గానిస్తాన్‌లో అయితే సోవియట్ సైనికులు దీన్ని కొండల మీద దాక్కున్నవాళ్లను కాల్చడానికి వాడారు. ట్యాంకు గొట్టం అంత పైకి లేవదు, దీనిది 85 డిగ్రీల దాకా లేస్తుంది. అక్కడివాళ్లు పెట్టిన పేరు షైతాన్ అర్బా, అంటే దెయ్యం బండి. పిల్లలకి ఈ పేరు ఒక్కటే గుర్తుండిపోయిందని నా అనుమానం.

లోపాలు కూడా దాచలేదు. పాత రాడార్ మరీ తక్కువ ఎత్తులో ఎగిరేవాటిని నేల మీది చెట్టూ పుట్టల నుంచి విడదీయడానికి తంటాలు పడేది. మన సైన్యం వాడే షిల్కాల్లో కొన్నింటికి భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ రాడార్, కంప్యూటర్, ఇంజిన్ మార్చి, రాత్రి కూడా చూసే కెమెరాలు పెట్టింది. 2021 రిపబ్లిక్ డే పరేడ్‌లో అలా మెరుగుపరిచిన షిల్కా దళాన్ని కెప్టెన్ ప్రీతి చౌదరి నడిపించారు. ఆ వీడియో చూపించాక ఎన్‌సీసీ గురించి అడిగినవాళ్లలో అమ్మాయిలే ఎక్కువ.

డ్రోన్లు రాకముందు, నిజం చెప్పాలంటే, మనలో చాలామంది ఈ బండి పని అయిపోయింది, ఇక మ్యూజియానికే అనుకున్నాం. చవక డ్రోన్ మీదకి ఖరీదైన మిసైల్ పంపడం చేపపిల్ల కోసం పడవ అమ్ముకోవడమే. అక్కడ గన్ గుండే లెక్కకి వస్తుంది. కానీ ఈ 23 మిల్లీమీటర్ల గుండు డ్రోన్‌కి నేరుగా తగలాలి, పక్కనుంచి పోతే దానికేమీ కాదు. చిన్న డ్రోన్‌ని కొట్టడం అందుకే అంత తేలిక కాదు.

సభల కోసం ప్లైవుడ్‌తో చేసిన షిల్కా నమూనా అక్టోబర్ వానకి ఉబ్బిపోయింది. రెండు గొట్టాలు ఊడిపోయాయి. వచ్చే ఏడాది రేకుతో చేద్దామని వెల్డింగ్ తెలిసిన సభ్యుడొకరు ముందుకొచ్చారు. ఖర్చు మీద వాదన తెగలేదు, సర్వసభ్య సమావేశంలోనే తేల్చాలి.

ఈ ఏడాది ఇద్దరు పాత గన్నర్లను పోగొట్టుకున్నాం. వాళ్ల మాటలు ఎవరూ రాసిపెట్టుకోలేదు. మిగిలినవాళ్లు చెప్పే క్రూ అనుభవాలు, అంటే లోపలి వేడి, జనరేటర్ టర్బైన్ కూత, గుండ్ల బెల్టులు నింపేటప్పుడు నలిగిన వేళ్లు, అన్నీ తెలుగులో రాయించడానికి ఒక నోట్‌బుక్ తెరిచాం. అది హాలు బీరువాలో ఉంది, తాళం చెవి కోశాధికారి దగ్గర. రాయలేనివారు చెబితే రాసిపెట్టడానికి ఇంటర్ పిల్లలు ఇద్దరు ఆదివారం సాయంత్రాలు వస్తున్నారు.