క్వయిర్ సంఘం వార్షిక నివేదిక (ఒంగోలు సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సమర్పించినది)

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ వందనాలు.

ఈ ఏడాది ముందుగా చెప్పాల్సింది మన డైరెక్టర్ గారి విరమణ గురించి. సండే స్కూల్లో సోప్రానో (అన్నిటికన్నా పై గొంతు) పాడి, గొంతు మారాక బేస్‌ (అన్నిటికన్నా కింది గొంతు)లోకి వచ్చి, తర్వాత హార్మోనియం దగ్గర కూర్చుని, ఆ పైనే ముందు నిలబడి బీట్ ఇచ్చే స్థానానికి వచ్చారు. సోప్రానో, ఆల్టో, టెనార్, బేస్ అనే నాలుగు గొంతుల వరుసల్లో ఏది ఎక్కడ తడబడుతుందో ఆయనకు ముందే తెలిసేది అందుకే. పాట మన గొంతులకు అందుతుందో లేదో చూడటం, నాలుగు వరుసలూ సోల్ఫాలో (డో, రే, మి అనే స్వరాక్షరాల్లో) చేత్తో రాసి జిరాక్స్ తీయించడం, ఒక్కో వరుసకూ విడిగా నేర్పాకే కలపడం, ఇదంతా ఆదివారం ఎవరికీ కనిపించని పని.

తెలుగు మాటల విషయంలో ఆయన రాజీపడలేదు. ఇంగ్లీషు బాణీలో పొడవైన స్వరం మీద హ్రస్వాక్షరం పడితే 'కలము' కాస్తా 'కాలము' అవుతుంది. అక్కడ స్వరాన్ని రెండుగా విరిచి, రెండో ముక్క తర్వాతి అక్షరానికి ఇచ్చేవారు. చివర 'ఉ' వచ్చినప్పుడు నోరు మూసుకుపోయి శ్రుతి జారుతుంది. లోపల 'ఓ'కు తెరిచినట్టే ఉంచి పెదవులు మాత్రం గుండ్రంగా చుట్టమనేవారు. ఆల్టోలకు ఒకే స్వరం వరసగా వచ్చినా ఇదే ఇబ్బంది. ప్రతిసారీ దాన్ని పైనుంచి అందుకున్నట్టు పాడాలి.

మనందరికీ గర్వకారణం జనవరి 1 తెల్లవారుజామున ప్రార్థన కొండ మీద పాడటం. 1854లో అదే రోజు మిషనరీలైన జ్యూయెట్ దంపతులు ప్రార్థించిన చోటు అది. పైన కరెంటు లేదు, కీబోర్డు లేదు. వేకువన గొంతు లేవదు కాబట్టి జి శ్రుతి పాటను ఎఫ్‌కు దించారు. శ్రుతి చూసుకునే 440 ట్యూనింగ్ ఫోర్క్ తడితే వచ్చే 'ఏ' స్వరం, ఎఫ్‌ను 'డో'గా పెట్టుకుంటే 'మి' అవుతుంది. దాన్నుంచి 'డో'కు దిగి అన్ని వరుసలకూ మొదటి స్వరం అందించారు. ఆరుబయట శబ్దం తిరిగి రాదు, పక్కవాళ్ల గొంతు వినపడదు. అందుకే అర్ధవలయాన్ని దగ్గరికి లాగి, బేస్‌ను సోప్రానో వెనకే నిలబెట్టారు. కాగితాలు ఎగరకుండా బట్టల క్లిప్పులు పెట్టాం. చివరి చరణం దాకా శ్రుతి దిగలేదు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. ఆడిట్ పూర్తయింది.

తెల్లవారకముందే ఆటోలు తెచ్చినవారికి, టీ కాచిన అమ్మలకు, ప్రాక్టీసుకు గది ఇచ్చిన సంఘ పెద్దలకు, చాపలు, ఫ్యాను ఇచ్చిన దాతలకు కృతజ్ఞతలు. క్రిస్మస్ కార్యక్రమానికి హాలు అనుమతి కోసం ఒక కార్యాలయం చుట్టూ నెలంతా తిరిగాం. చివరి రోజు దాకా కాగితం చేతికి రాలేదు.

టెనార్లకు ఒక మాట. ప్రాక్టీసుకు రాకుండా కార్యక్రమం రోజున వచ్చి నిలబడితే సోప్రానో రాగాన్నే కింద స్థాయిలో పాడతారు, నాలుగు వరుసలు మూడవుతాయి. డైరెక్టర్ గారు ఎన్నిసార్లు చెప్పారో మీకే తెలుసు.

కొత్త డైరెక్టర్‌గా ఎవరిని తీసుకున్నా, బీట్ వేయడం వస్తే చాలదు. మొదటి బీట్ కిందికి, రెండోది లోపలికి, మూడోది బయటికి, నాలుగోది పైకి అని ఎవరైనా నేర్చుకుంటారు. మొదలుపెట్టే ముందటి బీట్‌లో తానే ఊపిరి పీల్చి, అందరిచేత ఊపిరి పీల్పించగలగాలి. మరో మూడు నెలలు పక్కనే ఉండి నేర్పుతానని మన డైరెక్టర్ గారు మాటిచ్చారు. ఆసక్తి ఉన్నవారు ఈ సమావేశం ముగిసేలోగా పేరు ఇవ్వండి.